గేర్ల సైకిల్‌కి మోటార్ కిట్: ముందు చక్రానికా, వెనక చక్రానికా?

నమస్కారం. విశాఖలో మధురవాడ నుంచి జగదాంబ జంక్షన్ దాకా రోజూ ఆఫీసుకి వెళ్లాలి. నా దగ్గర 27.5 అంగుళాల మౌంటెన్ సైకిల్ ఉంది. అల్యూమినియం ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు, ముందు సస్పెన్షన్. తొక్కడం నాకు చాలా ఇష్టం, స్కూటర్ కొనాలని లేదు. కానీ హనుమంతవాక ఎత్తు ఎక్కేసరికి చొక్కా తడిసి ముద్దవుతోంది. అందుకే దీన్ని ఎలక్ట్రిక్ చేయించాలనుకుంటున్నాను.

250 వాట్ల లోపు, గంటకు 25 కి.మీ. మించకుండా ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి ఆ కోవలోని 36 వోల్టుల హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండే మోటార్) కిట్లే చూస్తున్నాను.

ముందు చక్రానికైతే బిగించడం తేలిక, గేర్ల జోలికి పోనక్కర్లేదు. కానీ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) చివర ఇరుసు కూర్చునే గాడి చూస్తే ధైర్యం చాలడం లేదు. లోతు తక్కువ, పైగా అల్యూమినియం. మోటార్ లాగేటప్పుడు ఇరుసు ఎదురు తిరగబోతుంది కదా, ఆ గాడి విరిగితే దిగుడులో ఏమవుతుందో ఊహించడానికే టెన్షన్‌గా ఉంది. టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే లోహపు పట్టీ) బిగిస్తే ఇలాంటి ఫోర్క్‌కి సరిపోతుందా? లేక వెనక చక్రమే మేలా? అక్కడ ఇరుసు కూర్చునే చోట ఫ్రేమ్ లోపలి వెడల్పు 135 మి.మీ. ఉంది. నా 7 గేర్ల ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) మోటార్ మీదకి ఎక్కుతుందా? మోటార్ డొప్ప బ్రేక్ కాలిపర్‌కి (డిస్క్‌ని నొక్కి పట్టే భాగానికి) తగలదు కదా?

బ్యాటరీ 10 ఆంపియర్ అవర్, అంటే 360 వాట్ అవర్. తొక్కుతూ వెళ్తే రానూపోనూ వస్తుందా, ఆఫీసులో చార్జింగ్ పెట్టాల్సిందేనా? ఉప్పు గాలికి, వానకి కనెక్టర్లు తుప్పు పట్టకుండా ఏం చేస్తున్నారు? చేయించుకుని వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.