బైక్‌కి ఫాగ్ లైట్లు: రిలే పెట్టాలా, హెడ్‌లైట్ వైరు నుంచే లాగేయొచ్చా?

గుంటూరు రైడర్:
అన్నలూ ఒక డౌట్. నా 150 సీసీ బండికి 20 వాట్ల ఎల్ఈడీ ఫాగ్ లైట్లు రెండు, ఒక మొబైల్ ఛార్జరు పెట్టిద్దామని షాపుకెళ్తే అక్కడి కుర్రాడు హెడ్‌లైట్ వైరు చెక్కి మెలేసి టేపు చుట్టేస్తా 200 ఇవ్వండి అన్నాడు, ఇంకో షాపులో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే డబ్బా అంట), ఫ్యూజు, విడి వైరింగు అని 900 చెప్పారు. డిసెంబర్‌లో తెల్లారుజామున సూర్యాపేట దాటాక మంచు ఎట్లుంటదో తెలుసుగా, లైట్లైతే కావాల్సిందే. ఆ 700 తేడా దేనికి?

పాత మెకానిక్:
దేనికీ కాదు. 40 వాట్లంటే 12 వోల్టుల మీద 3.3 ఆంపులు, ఆ మాత్రానికి రిలే ఏంటండీ. పదిహేనేళ్ళ నుంచి మెలేసే ఇస్తున్నా, ఒక్క బండి కాల్లేదు. రిలేలు 55 వాట్ల హాలోజన్లు పెట్టుకునే కార్లోళ్ళకి.

రిలే బాబాయ్:
కాలినోళ్ళు మళ్ళీ మీ షాపుకి రాలేదేమో అన్నా :) హెడ్‌లైట్ 35 వాట్లు, అదొక 2.9 ఆంపులు, దాని మీద ఈ 3.3 పడితే రెట్టింపు దాటింది, అదంతా పోయేది హ్యాండిల్ మీద డిప్పర్ స్విచ్చిలో ఉన్న బుల్లి కాంటాక్టుల్లోంచే కదా. రిలే ఉంటే పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి 30, 87 పిన్నుల మీదుగా లైట్లకి సూటిగా పోద్ది, స్విచ్చి మీద పడేది 85, 86 మధ్య కాయిల్‌కి కావాల్సిన కాస్తే. ఆ కాయిల్‌కి ఇగ్నిషన్ నుంచి ఇవ్వండి, తాళం తీస్తే లైట్లు పోతాయి. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, అది కాపాడేది లైటుని కాదు వైరుని. 5 ఆంపులది చాలు. మా వీధిలో ఒకాయన 10 ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 30 వేశాడు. ఫ్యూజు బానే ఉంది, ట్యాంకు కింద వైర్లన్నీ కరిగి ముద్దయిపోయాయి.

డౌట్ మాస్టర్:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. రిలే కరెంటు పుట్టించదు! పుట్టించేది స్టేటర్, అంటే ఇంజిన్ తిరిగితే కరెంటు తీసే కాయిల్ చుట్ట, బండితో వచ్చినవాటికి సరిపోగా అందులో మిగిలేది కొంచెమే. పైగా 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి హెడ్‌లైట్ ఆపే స్విచ్చే లేదు, ఇంజిన్ తిరిగినంతసేపూ ఆ 35 వాట్లు పోతూనే ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో స్టేటర్ ఇచ్చేది తక్కువ, అప్పుడు నీ ఫాగ్ లైట్లు తినేది బ్యాటరీనే, వైరింగు ఎంత పద్ధతిగా చేసినా సరే. ముందు లైట్లు ఉత్తినే తగిలించి, అన్నీ ఆన్ చేసి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టి చూడు. 13.5 వోల్టుల పైన ఉంటే హాయి, 12.6 కిందికి జారితే పొద్దున్నే సెల్ఫ్ కొట్టదు.

రిలే బాబాయ్:
అది నిజమే, కానీ బ్యాటరీ దిగితే కిక్ కొట్టుకోవచ్చు, వైర్లు కాలితే ఏం కొట్టుకుంటావ్?

డౌట్ మాస్టర్:
కిక్ ఉన్న బండి ఇప్పుడెక్కడుంది బాబాయ్

గుంటూరు రైడర్:
చూశా. ఐడిల్‌లో 12.4, కాస్త రేజ్ చేస్తే 13.9. రిలేతోనే పెట్టించా, విడి స్విచ్చి ఉంది, ఊళ్ళో ఆఫ్ చేసి హైవే ఎక్కాకే వేస్తా. ఛార్జరు కూడా ఇగ్నిషన్ మీదే ఇచ్చాడు.

పాత మెకానిక్:
ఆఫ్‌లో పెట్టుకునేదానికి 900 ఎందుకయ్యా