సమస్య: నూనె కడ్డిపైకి నొయ్య నెక్కె

నిర్వాహకుడు: పాలిమర్ కలిపిన నూనెలో కడ్డీని తిప్పుతుంటే, ఆ నూనె అంచులకు పోకుండా కడ్డీనే పట్టుకుని ఎక్కింది. వీడియో చూడగానే ఈ పాదం తట్టింది. కానివ్వండి.

లఘుగురువు:
చిక్కబడిన కతన జిగురెక్కి పోవగా
దాని చిక్కదనమె దారి చూప
కడ్డి తిరుగునపుడు కరములతో బట్టి
నూనె కడ్డిపైకి నొయ్య నెక్కె

యతిరాజు: లఘుగురువుగారూ, "కరములతో బట్టి" చాలా నచ్చింది. కానీ "చిక్కదనమె" అన్న ఒక్క మాట దగ్గర పద్యం కూలింది. తేనె చిక్కనే కదా, ఎక్కదేం? ఇలాంటి సాగే ద్రవాలకు ఆల్డ్రాయిడ్ అనే శాస్త్రవేత్త 1950లో ఇచ్చిన గణిత నమూనా (ఆల్డ్రాయిడ్-బి)లో షియర్, అంటే పొరలు ఒకదానిపై ఒకటి జారే వేగం, ఎంత పెంచినా స్నిగ్ధత (చిక్కదనం) మారదు, అయినా ద్రవం ఎక్కుతుంది. కారణం సాగిన పాలిమర్ గొలుసుల (పొడవాటి అణువుల) బిగువు. నా పూరణ:

పొడవు గొలుసులెన్నొ పురిబడి సాగగా
చుట్టు బిగువు పుట్టి సుడిని నొక్క
వెలికి బోవు దారి విడచి లోనికి జొచ్చి
నూనె కడ్డిపైకి నొయ్య నెక్కె

లఘుగురువు: "సుడిని నొక్క" అద్భుతం, ఒప్పుకుంటున్నాను. మరి కిందటిసారి బేరింగు సమస్యకు, సందులోని పలుచని నూనె పొరలో పీడనం లెక్కగట్టే 1886 నాటి రెనాల్డ్స్ సమీకరణమే చాలని పూరించింది మీరే కదా? ఈ బిగువు అందులో ఎక్కడుంది?

కొత్తచిగురు:
ఇరుకు సందులోన నిట్టె పరుగు దీయ
సడలు కాలము మించి సాగకుండ
సాగి మరల ముడుగు సత్తువ నిలువగా
నూనె కడ్డిపైకి నొయ్య నెక్కె

యతిరాజు: రెండో పాదంలో "కాలము" భగణం, అక్కడ సూర్యగణం రావాలి. భావం మాత్రం మా ఇద్దరికంటే మిన్న. సడలే కాలం, సందు దాటే కాలం: వాటి నిష్పత్తే డెబోరా సంఖ్య, దాన్ని పద్యంలోకి తెచ్చారు.

లఘుగురువుగారూ, మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. బేరింగు సందు మందం పొడవులో వెయ్యో వంతు, డెబోరా సంఖ్య 0.01 అనుకోండి. డెబోరాను ఆ వెయ్యో వంతుతో భాగిస్తే వచ్చే వైసెన్‌బర్గ్ సంఖ్య 10 అవుతుంది. అంటే బిగువు షియర్ స్ట్రెస్‌కు (జారే పొరల మధ్య రాపిడి ఒత్తిడికి) సుమారు పది రెట్లు. కానీ బరువు మోసేది పీడనం, అది షియర్ స్ట్రెస్‌కు సుమారు వెయ్యి రెట్లు. దాని ముందు ఈ బిగువు నూరో వంతే. అక్కడ రెనాల్డ్స్ చాలు.

లఘుగురువు: డెబోరా 1 దగ్గరికి వస్తే రెనాల్డ్స్ చాలదు. ఆ షరతు మీ కిందటి బేరింగు పద్యంలో లేదు, నా అభ్యంతరం అదే.

యతిరాజు: నిజమే, లేదు. ఆ పూరణ మళ్లీ రాస్తాను.

కొత్తచిగురు: సవరించాను: "సడలు వేళ మించి సాగకుండ".