పల్లె ఆసుపత్రికి డెంటల్ చైర్ ముందా, నోటి పరీక్ష ముందా?

పల్లె వైద్యుడు (చర్చ ప్రారంభం):

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మన దేశంలో 2014-15లో మొదలైంది. 2021 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ నోటి ఆరోగ్యంపై ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. ఆ మరుసటి ఏడాది వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక, ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి జబ్బుతో ఉన్నారని లెక్కగట్టింది. ఇంత జరిగినా మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పన్ను నొప్పి అంటూ ఎవరైనా వస్తే తప్ప నోటి ఊసు రాదు. అందుకే ఈ ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. ప్రభుత్వం నోటి ఆరోగ్యానికి కేటాయించగలిగే కొద్దిపాటి సొమ్మును ప్రతి కేంద్రంలో దంత వైద్యుణ్ణి నియమించి డెంటల్ చైర్ పెట్టడానికి ఖర్చు చేయాలా, లేక షుగరు, బీపీ, గర్భిణుల పరీక్షలు, బడి పిల్లల తనిఖీలు వంటి నడుస్తున్న కార్యక్రమాల్లోనే నోటిని చేర్చడానికి ఖర్చు చేయాలా?

నేను రెండో మార్గం వైపు ఉన్నాను. ముప్ఫై ఏళ్లు దాటినవారి ఇంటికి వెళ్లి ఆశా కార్యకర్త నింపే ఫారంలో నోటి ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉందా, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉందా అని అవి అడుగుతాయి. అయితే అడిగినవారెవరూ టార్చి వేసి నోట్లోకి చూడరు.

ఉత్తరాంధ్ర తీరంలోని ఒక కేంద్రంలో నేను పనిచేసినప్పుడు, సుమారు అరవై ఏళ్ల ఒక తల్లి బీపీ మాత్రల కోసం నెల తప్పకుండా వచ్చేది. ఆమెకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని కాల్చడం. నొప్పి లేదు కనుక ఆమె ఫారంలో నోటి ప్రశ్నలన్నింటికీ ‘లేదు’ అనే రాసి ఉంది. ఒకరోజు గొంతు మంటగా ఉందంటే తల వెనక్కి వాల్చమని టార్చి వేశాను. అంగిలి అంతా సున్నం పూసినట్టు తెల్లబారి, నడుమ ఎర్రటి చుక్కలతో, ఒక పక్కన గట్టిపడి పైకి లేచి ఉంది. ఏడాదిలో పన్నెండుసార్లు ఆమె మా ఎదుట కూర్చుంది, పన్నెండుసార్లూ చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాం. ఒక్కసారి కూడా నోరు తెరవమనలేదు, ఆ తప్పులో నాకూ భాగముంది. ఆ గదిలో డెంటల్ చైర్ ఉండి ఉన్నా ఆమె దాని మీద కూర్చునేది కాదు, ఎందుకంటే ఆమె పంటి కోసం రాలేదు.

దంత వైద్యురాలు, మండల ఆసుపత్రి:

పల్లె వైద్యుడు గారు చెప్పిన సంఘటన మనసును కలచివేసింది. కానీ దాని నుంచి ఆయన చేరిన నిర్ణయాన్ని ఒప్పుకోలేను. పరీక్ష చేసి జబ్బు పేరు చెప్పి, చికిత్స దొరకని చోట మనిషిని వదిలేస్తే, రెండోసారి ఆ మనిషి పరీక్షకే రాడు.

దేశంలో 300కు పైగా దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి నుంచి వచ్చిన పట్టభద్రులు పట్టణంలో ఒకే వీధిలో పక్కపక్కనే క్లినిక్కులు తెరుస్తుంటే, మండలంలో పిప్పిపన్నుతో రాత్రంతా కూర్చున్న కూలీకి లవంగనూనె, తెల్లవారాక ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్ర తప్ప వేరే దిక్కు లేదు. వైద్యులు లేక వచ్చిన కొరత కాదిది, ప్రభుత్వంలో పోస్టులు లేక వచ్చినది.

నేను గతంలో పనిచేసిన ఒక ఆసుపత్రిలో డ్రిల్లును నడిపే గాలి యంత్రం, కంప్రెసర్, పాడై, డెంటల్ చైర్ నెలల తరబడి పాలిథిన్ కవరు కింద ఉండిపోయింది. ఆ రోజుల్లో ఎనిమిదేళ్ల పాపను తల్లి తీసుకొచ్చింది. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడపన్నులో ఆవగింజంత గుంట పడింది. అది పాలపన్ను అనీ, ఎలాగూ ఊడిపోతుందనీ తల్లి అనుకుంది. నింపే వీలు లేక జిల్లా ఆసుపత్రికి చీటీ రాశాను. ఒకరోజు కూలి, బస్సు ఛార్జీలు వదులుకోలేక వాళ్లు వెళ్లలేదు. ఆరు నెలలకు దవడ వాచి తిరిగొచ్చినప్పుడు ఆ పన్ను పీకక తప్పలేదు. పరీక్ష జరిగింది, జబ్బు సరిగ్గానే తేలింది, చీటీ కూడా సరిగ్గానే రాశాను. ఆ పాప మాత్రం బతికినంత కాలం ఆ పన్ను లేకుండానే నమలాలి.

మర్రిగూడ ప్రాంతవాసి:

మా నల్లగొండ వైపు నుంచి ఒక మాట. తాగునీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించడం వల్ల వచ్చే పీడను మన దేశంలో మొదట 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. మా దగ్గర తరాల పాటు పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార కనిపించిన తర్వాతే ఎముకలు వంగడం కనిపించేది. పళ్లు ముందే హెచ్చరించాయన్నమాట. ఆ గారను ఏ డెంటల్ చైరూ ఆపలేదు, ఏ ఫారమూ ఆపలేదు. పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే విధానానికి మా జిల్లా పేరే పెట్టి ‘నల్లగొండ పద్ధతి’ అన్నారు. కానీ ఇంటింటా రోజూ బకెట్లో పటిక కలుపుకోవడం ఎన్నాళ్లు సాగుతుంది? నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాకే మార్పు కనబడింది. మీరిద్దరూ ఆరోగ్య శాఖ గోడల లోపలే వాదించుకుంటున్నారు. మా పళ్లను కాపాడిన నిర్ణయం నీటి సరఫరా శాఖలో జరిగింది. అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో పళ్లు పుచ్చకుండా 1945 నుంచి తాగునీటిలో కొద్దిగా ఫ్లోరైడ్ కలిపారని, మనమూ అలాగే చేయాలని అప్పుడప్పుడు కొందరు రాస్తుంటారు. దయచేసి ఒకసారి మా ఊళ్లకు వచ్చి ముసలివాళ్ల నడక చూసి ఆ మాట రాయండి.

బడ్జెట్ చదువరి:

దంత వైద్యురాలి గారి వాదనకు బలమిచ్చే ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. పరీక్ష చేసి ఊరుకోకుండా కళ్లద్దాలు కూడా ఉచితంగా చేతికిచ్చారు కాబట్టే జనం ఆ శిబిరాలను నమ్మారని నా అభిప్రాయం. అయితే పళ్ల విషయంలో ఒక తేడా ఉంది. అద్దాలు ఇచ్చిన తర్వాత ఆ చూపును మళ్లీ చెడగొట్టే సరుకు కిరాణా కొట్లో అమ్ముడుపోదు. పళ్లకు, నోటికి హాని చేసే తీపి పానీయాలు, గుట్కా, ఖైనీ మాత్రం బడి గేటు ముందే దొరుకుతాయి.

2016-17 నాటి జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన పెద్దల్లో 21.4 శాతం మంది పొగ రాని పొగాకు వాడుతున్నారు. మన మగవారిలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ నోటిదే. చట్టం ఎంత చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ మన అనుభవంలోనే ఉన్నాయి. పొగాకు కలిపిన పళ్లపొడులు, టూత్‌పేస్టులను 1992లో కేంద్రం నిషేధించింది. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ ఉండరాదన్న 2011 నాటి నిబంధన ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధిస్తే, వ్యాపారులు పాన్ మసాలాను, పొగాకును వేర్వేరు పొట్లాలుగా వేలాడదీశారు. కొనేవాడు రెండూ చించి అరచేతిలో కలుపుకుంటాడు. ఆ రెండో పొట్లం సంగతి తేల్చకుండా ఎన్ని డెంటల్ చైర్లు కొన్నా, వాటి ముందు వరుస తరగదు.

పల్లె వైద్యుడు:

దంత వైద్యురాలి గారికి జవాబు చెప్పాలి. ఆ పాప విషయంలో నా వాదన నిలవదని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఆవగింజంత గుంటకు కంప్రెసర్ నిజంగా అవసరమా? 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకున్న పద్ధతిలో, కరెంటు, డ్రిల్లు ఏవీ లేకుండా చేతి పనిముట్లతో పుచ్చిన భాగాన్ని గీకి గ్లాస్ అయానమర్ సిమెంటు నింపుతారు. పుచ్చు ముందుకు పాకకుండా ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం కూడా ఉంది. అది ఆ చోటును నల్లగా మారుస్తుంది కానీ నొప్పి లేకుండా నిమిషాల్లో పని అవుతుంది. ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో పాటు ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. న్యూజిలాండ్ 1921లోనే బడి పిల్లల పళ్ల కోసం నర్సులకు రెండేళ్ల శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గర ఆ పని ఏఎన్ఎంకు ఎందుకు నేర్పకూడదు?

మర్రిగూడ మిత్రుడి మాట నా ప్రశ్న తీరునే మార్చింది. నేను శాఖ లోపలి డబ్బు గురించే అడిగాను. జిల్లా నీటి పరీక్షల వివరాలు, బడి పిల్లల పళ్ల తనిఖీ వివరాలు ఒకే అధికారి బల్ల మీదికి రావాలని అడగాల్సింది.

దంత వైద్యురాలు, మండల ఆసుపత్రి:

చేతి పనిముట్ల పద్ధతి నాకు తెలుసు, బడుల్లో చేశాను కూడా. ఏఎన్ఎంకు నేర్పడాన్ని నేను అడ్డుకోను, కానీ మూడు విషయాలు ముందుగా కాగితం మీద ఉండాలి. 1948 నాటి దంత వైద్యుల చట్టం దంత వైద్యులతో పాటు పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టులకు, కట్టుడు పళ్లు తయారుచేసే మెకానిక్కులకు మాత్రమే రిజిస్ట్రేషన్ ఇచ్చింది. మధ్యస్థ స్థాయి దంత సేవకులకు చట్టబద్ధమైన చోటు కల్పించకుండా పని అప్పగిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు నింద మోసేది ఆ ఏఎన్ఎమ్మే. రెండోది, ఇప్పటికే ఒళ్లు వంగేంత పని చేస్తున్న ఆమెకు ఇంకో రిజిస్టరు ఇస్తే ఆమె అన్ని గళ్లలో ‘లేదు’ అని రాయక తప్పదు, మీ బీపీ తల్లి ఫారంలో జరిగినట్టే. కాబట్టి ఒక పాత రిజిస్టరైనా తీసేయాలి. మూడోది, ఆమె గుర్తించిన ప్రతి పుండుకూ, ప్రతి వాపుకూ నెలకు ఒక నిర్ణీత రోజున దంత వైద్యులు ఆ ఊరికే రావాలి, రోగి బస్సెక్కే అవసరం ఉండకూడదు. ఈ మూడూ ఒప్పుకుంటే నా మండలంలో ఒక ఉపకేంద్రంతో మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. టార్చి, అద్దం, సిమెంటు పొడి నా దగ్గర ఉన్నాయి. ఆ తల్లికి చూసినట్టుగా అంగిలిని ఎలా చూడాలో మొదటి రోజు మా ఏఎన్ఎంలకు మీరే వచ్చి చూపించాలి.