మోటారు యాట్ డెక్‌కు బర్మా టేకు వాడడం ఇంకా సమంజసమేనా?

చర్చ మొదలుపెట్టినవారు:
నేను యజమాని తరఫున పర్యవేక్షిస్తున్న మోటారు యాట్ (విలాస నౌక) ఒకటి నెదర్లాండ్స్‌లో తయారవుతోంది. ఉక్కు హల్ (నౌక అడుగు దేహం), దానిపై అల్యూమినియం అంతస్తులు పూర్తయ్యాయి. డెక్ మీద బర్మా అడవుల టేకు తప్ప మరేదీ పరచవద్దని యజమాని పట్టుబడుతున్నారు. తోటల్లో పెంచిన టేకు చాలునని నా అభిప్రాయం. అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

ఓడ వడ్రంగం తెలిసినవారు:
యజమాని గారి కోరికను ఆడంబరమని కొట్టివేయకండి. అడవిలో నిదానంగా ముదిరిన టేకులో వార్షిక వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. దాని చేవలో సహజమైన నూనె, సిలికా ఉండడం వల్ల అది ఉప్పునీటికి తడిసి ఎండకు ఆరినా వంకర తిరగదు, త్వరగా కుళ్లదు, తడి పాదానికి పట్టునిస్తుంది. తోటల టేకులో లేతభాగం, ముడులు ఎక్కువ. ముడి లేని పొడవైన పలక దొరకడం కష్టం. ఇక ప్లాస్టిక్ డెక్ అంటారా, మధ్యధరా సముద్రపు ఎండలో దానిపై వట్టి పాదం మోపలేము.

కలప దిగుమతుల నిబంధనలు చూసేవారు:
పై మిత్రులు చెప్పిన గుణాలన్నీ నిజమే. అయితే ఆ చెట్టును ఎవరు కొట్టారు, సొమ్ము ఎవరికి చేరింది అన్నది వారు ప్రస్తావించలేదు. అక్రమంగా నరికిన కలపను 2013 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్ మార్కెట్లోకి తేవడం నేరం. 2021 ఫిబ్రవరిలో మ్యాన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక, అక్కడి కలప వ్యాపారాన్ని గుప్పిట్లో ఉంచుకున్న ప్రభుత్వ సంస్థ మ్యాన్మా టింబర్ ఎంటర్‌ప్రైజ్‌పై ఏప్రిల్‌లో అమెరికా, జూన్‌లో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు విధించాయి. పేరుమోసిన బ్రిటిష్ యాట్ సంస్థ సన్‌సీకర్‌కు ఇలాంటి కలప దిగుమతి విషయంలోనే 2024లో కోర్టు జరిమానా పడింది.

"ఇది సైనిక పాలనకు ముందు కొట్టిన పాత నిల్వ" అని అమ్మకందారు చెబితే వెంటనే నమ్మకండి. దుంగ ఎక్కడిదో తెలిపేందుకు దాని మీద కొట్టిన సుత్తి ముద్ర, దాన్ని పలకలుగా కోసిన రోజునే పోతుంది. ఆ తరువాత మిగిలేది కాగితమే. భారతదేశం మీదుగా తిరిగి వచ్చిన పలక విషయంలోనూ అంతే. ఒకప్పుడు రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చి, "కోరంగీలు" అని పిలిపించుకున్న మన తెలుగు కూలీల జ్ఞాపకం నాకు ఈ కలపతో ముడిపడి ఉంది. ఆ అడవిని చివరి చెట్టు దాకా కొట్టించడం నాకు మనసు ఒప్పని పని.

పైగా నేటి డెక్‌లో కలప పలుచని పొరగా జిగురుతో అతుకుతుంది. భారమంతా కింది లోహమే మోస్తుంది. గట్టి బ్రష్షుతో అదేపనిగా రుద్దడం, పదే పదే ఇసుక కాగితం పట్టడం వల్లనే చాలా డెక్‌లు ముందుగా అరిగిపోతాయి. అటువంటి నిర్వహణకు అడవి టేకు కూడా తట్టుకోదు.

ఓడ వడ్రంగం తెలిసినవారు:
చట్టం విషయంలో మీతో వాదించను. కాని తోటల టేకు తీసుకుంటే, పలకలను వలయాలు నిలువుగా వచ్చేలా కోయించాలని, లేతభాగం ఉన్నవాటిని తిరస్కరించే హక్కు మీదేనని ఒప్పందంలో రాయించుకోవాలి. వృథా ఎక్కువవుతుంది కనుక, ఆ ఖర్చును యజమాని గారికి ఇప్పుడే చెప్పండి.

చర్చ మొదలుపెట్టినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తోటల టేకుతో ఒకటి, వేడితో శుద్ధిచేసిన కలపతో ఒకటి నమూనా పలకలు చేయించి, ఈ చలికాలమంతా యార్డు ఆరుబయట ఉంచుతాను. వసంతంలో యజమాని వచ్చినప్పుడు చెప్పులు విప్పించి వాటి మీద నడవమంటాను.