యెల్లోస్టోన్ బైసన్లను కబేళాకు పంపితే ఆవులకు బ్రూసెల్లోసిస్ ఆగుతుందా?

పశువైద్య విద్యార్థి:
బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం ఆవులకు సోకకుండా, అమెరికాలోని యెల్లోస్టోన్ ఉద్యానవనం నుంచి చలికాలంలో మేత కోసం పక్కనున్న మొంటానా రాష్ట్రంలోకి దిగే బైసన్లను (అడవిదున్నల్లాంటి జంతువులను) పట్టి కబేళాకు పంపడం నా దృష్టిలో సమంజసమే. పెద్ద ఆడ బైసన్లలో దాదాపు 60 శాతం ఈ రోగపు రక్తపరీక్షలో పాజిటివ్‌గా తేలుతున్నాయి. 2008లో ఆ రాష్ట్ర పశువులకు ఈ రోగం లేదన్న అధికారిక హోదా పోయినప్పుడు మొంటానా రైతులు ఎంత ఇబ్బంది పడ్డారో మరచిపోకూడదు.

అడవి జంతువుల పరిశీలకుడు:
రైతుల భయం సహేతుకమే గాని, శిక్ష పడుతున్నది వేరే జంతువుకు. ఆ అడవులకు ఈ రోగం వచ్చిందే పెంపుడు పశువుల నుంచి. 245 నమూనాల జన్యుక్రమాలను పోల్చి చూసిన 2016 నాటి పరిశోధన, అది కనీసం ఐదుసార్లు ఆ ప్రాంతంలోకి ప్రవేశించిందని, ఇప్పుడు ఆవులకు అంటుతున్నది ప్రధానంగా ఎల్క్ దుప్పుల నుంచేనని తేల్చింది. 1998 తర్వాత పెంపుడు మందలకు సోకిన 27 సందర్భాల్లోనూ మూలం ఎల్క్ దుప్పులేనని అమెరికా జాతీయ అకాడమీల 2017 నివేదిక చెప్పింది. పైగా రక్తంలో ఈ రోగానికి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉండి పరీక్షలో పాజిటివ్‌గా తేలిన జంతువులన్నీ రోగాన్ని అంటించవు.

ఇది పశువులు ఈసుకుపోయే, అంటే నెలలు నిండకముందే పిండం పడిపోయే రోగం. యెల్లోస్టోన్ ఉన్న మరో రాష్ట్రం వయోమింగ్‌లో చలికాలమంతా ఎండుగడ్డి వేసి ఎల్క్ దుప్పులను ఒకేచోట పోషిస్తున్నారు. వాటిలో ఒక చూడి దుప్పి ఈసుకుపోతే, కోట్లాది సూక్ష్మజీవులున్న ఆ పిండాన్నీ మావినీ పక్కనున్నవి వాసన చూస్తాయి, నాకుతాయి. రోగం పెరిగే చోటును ప్రభుత్వమే మేతపెట్టి నిలబెడుతుంటే, బైసన్లను ఏరివేయడం వల్ల ఒరిగేదేమిటి?

పశువైద్య విద్యార్థి:
మేత ఆపేస్తే ఆకలిగొన్న దుప్పులు నేరుగా రైతుల గడ్డివాముల మీద పడవా అండీ? అప్పుడు ఆవులకు మరింత దగ్గరవుతాయి కదా. మేత పెట్టే చోట్లకు దూరంగా తిరిగే మందల్లోనూ ఇప్పుడు రోగం ఉంది.

అడవి జంతువుల పరిశీలకుడు:
మీ అభ్యంతరం బలమైనది. అందుకే మేత ఒక్కసారిగా ఆపమని నేను అనను. ముందు గడ్డివాములకు ఎత్తైన కంచెలు వేయాలి, దుప్పులు ఎక్కువగా ఈసుకుపోయే ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా అవి తిరిగే బీళ్లలోకి ఆవులను తోలకూడదు, పెయ్యదూడలకు టీకా తప్పనిసరిగా వేయాలి. మన దేశంలోనూ 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఈ రోగానికి టీకా వేస్తున్నారు. అది ఈసుకుపోవడాన్ని తగ్గిస్తుంది గాని, రోగం సోకకుండా పూర్తిగా కాపాడదు. ఇది మనుషులకూ అంటే రోగం కాబట్టి పచ్చిపాలు తాగేవారు, చేతికి తొడుగు లేకుండా మావి తీసేవారు ఇక్కడైనా అక్కడైనా ప్రమాదంలో ఉన్నట్టే. బైసన్లను పట్టడానికి పెట్టే ఖర్చును ఆ కంచెలకు, టీకాలకు మళ్లించాలన్నదే నా వాదన.