అర్ధరాత్రి భయానికి "భయపడకుము" అన్న ఒక్క మాట సరిపోనప్పుడు ఏం చేయాలి?

గృహకూడిక:
అందరికీ వందనాలు. ఇంటి కూడికలు నడిపేవాళ్ల తరఫున అడుగుతున్నాను. స్కానింగ్ రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్లు, అప్పుల వాళ్లు ఇంటి మీదికి వస్తున్నవాళ్లు, పని పోయినవాళ్లు ప్రార్థనకు వస్తుంటారు. వాళ్లకు మనం ఇచ్చేవి మామూలుగా మూడే. ఒక వాగ్దాన వచనం, "భయపడకుము అని బైబిల్లో 365 సార్లుంది, రోజుకొకటి" అన్న మాట, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పిలుపు. ఆ పూటకి బాగానే ఉంటారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే కథ మళ్లీ మొదటికే. పైగా "నాకు అసలు విశ్వాసమే లేదేమో" అన్న రెండో భయం దానికి తోడు.

ఆ వేళప్పుడు ఒక్కరే కూర్చుని పది పదిహేను నిమిషాల్లో చేసుకోగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి. ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పండి. సాక్ష్యాలు మాత్రం వద్దు, దయచేసి.

కీర్తనల_పాఠకుడు:
ముందు ఆ 365 సంగతి వదిలేయండి. లెక్కకు నిలిచే మాట కాదది, కూర్చుని వెతికితే అన్ని దొరకవు. అసలు గమనించాల్సింది, ఆ మాట చాలా చోట్ల ఒంటరిగా రాదు, కారణాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. యెషయా 41:10 మన పాత అనువాదంలో "నీకు తోడైయున్నాను భయపడకుము" అని ఉంటుంది. కారణం ముందు, ఆజ్ఞ తర్వాత. మనం కూడికల్లో కారణం కోసేసి ఆజ్ఞ ఒక్కటే చేతిలో పెడుతున్నాం. భయపడేవాడికి అది గద్దింపులా వినబడుతుంది.

రెండో భయానికి జవాబు కీర్తన 56లోనే ఉంది. 3వ వచనం "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటుంది. "నేను భయపడను" అన్న మాట వచ్చేది 4వ వచనంలో. భయం ఉండగానే ఆశ్రయించడం మొదలైంది, అది పోయేదాకా ఆగలేదు. మార్కు 9:24లో జబ్బు పిల్లవాణ్ణి యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ ఒకే ఊపిరిలో చెప్పాడు. యేసు ఆయన్ని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు.

ఇక పద్ధతి. కీర్తన 13 తీసుకోండి, ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు, "ఎంతకాలం" అని నాలుగు సార్లు అడుగుతాడు. 3, 4 విన్నపం. 5, 6 నమ్మిక. ఒక నోటుబుక్కు, పెన్ను చాలు. ఫోన్ దగ్గర పెట్టుకోవద్దు, బైబిల్ యాప్ తెరవబోయి వాట్సాప్‌లో తేలతారు. కీర్తన ఒకసారి పైకి, గొంతు వినబడేలా చదవాలి. తర్వాత దాని కొలతలోనే సొంతంగా రాయాలి. ఫిర్యాదు మూడు నాలుగు వాక్యాలు, విన్నపం రెండు, నమ్మిక ఒకటి.

తప్పేది మూడు చోట్ల. "ప్రభువా, నా కష్టాలు తీర్చు" అని గాలిలో మాట రాస్తారు. "గురువారం రిపోర్టు వస్తుంది, అందులో ఆ మాట ఉంటుందేమోనని భయం" అని రాస్తేనే మనసు ఒక చోట ఆగుతుంది. కొందరు ఫిర్యాదు దగ్గరే నలభై నిమిషాలు ఉండిపోతారు. అది ప్రార్థన దాటి పుండును గోకడంలోకి దిగింది. ఫిర్యాదుకు ఐదు నిమిషాలు చాలు, పెన్ను ఎత్తేయాలి. మూడోది మనవాళ్లకు బాగా అలవాటైన తప్పు, ఫిర్యాదు చేయడమే అవిశ్వాసమనుకుని నేరుగా స్తోత్రంలోకి దూకేయడం. మింగేసిన మాట మళ్లీ రెండింటికి నిద్ర లేపుతుంది.

నమ్మిక వాక్యం ఎంతకీ రాకపోతే అబద్ధం రాయకండి. కీర్తన 88కి వెళ్లండి. అందులో నమ్మిక వాక్యం లేనే లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. మొదటి వచనంలో దేవుణ్ణి రక్షణకర్త అని పిలిచిన ఆ పిలుపు ఒక్కటే దాని వెలుగు. అయినా అది బైబిల్లో ఉంది.

నైట్‌డ్యూటీ:
నేను శరీరం సంగతే చెబుతాను. ఒక్కసారిగా గుండె దడ, చెమట, ఊపిరాడనట్టు ఉండే భయం సాధారణంగా పది నిమిషాల లోపే పతాకస్థాయికి వెళ్లి తర్వాత దిగడం మొదలవుతుంది. ఆ పది నిమిషాల్లో వాక్యం చదివినా బుర్రకెక్కదు. అందుకని ముందు ఊపిరి. "యెహోవా నా కాపరి" అనుకుంటూ నాలుగు లెక్కపెట్టేంత లోపలికి, "నాకు లేమి కలుగదు" అనుకుంటూ ఆరు లెక్కపెట్టేంత బయటికి. బయటికి వదిలేదే పొడవుగా ఉండాలి. ఇలా ఐదు నిమిషాలు. గట్టిగా, వేగంగా పీల్చారంటే తల తిరిగి భయం ఇంకా పెరుగుతుంది. పైన అన్నగారు చెప్పిన నోటుబుక్కు దీని తర్వాతే. అదీ మంచం మీద కాకుండా కుర్చీలో. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచమెక్కాలి.

ఇక ఉపవాసం. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు మందు వేసుకుని భోజనం మానేస్తే షుగరు పడిపోతుంది. చేతుల వణుకు, చెమట, దడ, కంగారు, అన్నీ అచ్చం భయంలాగే ఉంటాయి. కూడికలో దాన్ని "శత్రువు దాడి" అనుకుని చుట్టూ చేరి ప్రార్థిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే 108. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుని అడిగి డోసు మార్పించుకోవాలి.

కొత్తగా మొదలైన దడకు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించండి. ఆందోళనకు డాక్టరు రాసే మాత్రలు చాలావరకు రెండు నుంచి ఆరు వారాలకు గానీ గుణం చూపించవు. వారానికే "పనిచేయలేదు" అనుకోవద్దు. స్వస్థత కూటంలో లేచి "ఇక మాత్రలు మానేస్తున్నా" అనడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు, చాలావాటిని మెల్లగా తగ్గించాలే తప్ప హఠాత్తుగా ఆపకూడదు. లూకాను పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు (కొలొస్స 4:14), వైద్యం మానమనలేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ప్రార్థన విన్నపాల వరుసలో పెట్టి ఊరుకోకండి. 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలకూడదు.

సందర్భం_చూడండి:
వాగ్దాన కార్డుల మీద నాకు పేచీ ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికొచ్చిన, ఒక్క వచనం రాసిన కార్డుని ఏడాదంతా తాయెత్తులా వాడుతున్నాం. యిర్మీయా 29:11నే చూడండి, "సమాధానకరమైన ఉద్దేశములు". దాని పై వచనంలోనే 70 సంవత్సరాలు అని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని 5 నుంచి 7 వరకు చెబుతుంది. వచ్చే నెల్లో ఉద్యోగం వస్తుందన్న హామీ అందులో లేదు. పట్టుకోవాల్సింది ఆ 5–7. ఎదురుచూసే రోజుల్లో ఏం నాటుకోవాలో అందులో ఉంది.

కీర్తన 91 కూడా అంతే. గుమ్మానికి తగిలిస్తాం, దిండు కింద పెడతాం. మత్తయి 4:6లో "కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు" అంటూ అపవాది యేసుకు ఎత్తి చూపిన వచనాలు అందులోవే. యేసు ద్వితీయోపదేశకాండం 6:16తో జవాబిచ్చాడు, గోపురం మీంచి దూకలేదు. వచనం ఇచ్చేటప్పుడు దాని పైన ఐదు, కింద ఐదు వచనాలు కలిపి చదివించండి, అదొక్కటే చాలా తేడా తెస్తుంది.

గృహకూడిక:
చాలా ఉపయోగం. ఇంకొక్కటి. "పరిశుద్ధాత్మ దూషణ చేశానేమో, క్షమాపణ లేదేమో" అని పదే పదే అడిగేవాళ్లుంటారు. ఎన్నిసార్లు సర్దిచెప్పినా మర్నాడు మళ్లీ అదే ఫోన్.

జపమాల:
నేను కతోలిక. మా దగ్గర ఈ జబ్బు పాతదే. జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉండగా ఇందులోనే పడ్డాడు, చెప్పిన పాపాలే మళ్లీ మళ్లీ ఒప్పుకోలు చేస్తూ చచ్చిపోదామా అనేంతదాకా వెళ్లాడు. గడిచిన పాపాలను ఇక తిరిగి ఒప్పుకోనని నిశ్చయించుకున్నాకే బయటపడ్డాడు. కిటుకంతా అక్కడే ఉంది. సర్దిచెప్పిన ప్రతిసారీ కాసేపు చల్లబడి, దురద ఇంకా పెరుగుతుంది.

జవాబు ఒక్కసారే, కాగితం మీద ఇవ్వండి. మార్కు 3:30 చూపించండి. పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదని యేసు ఎందుకన్నాడో అక్కడే కారణం ఉంది, కళ్లెదుటి స్వస్థతలను చూసి కూడా ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు ఆయనకు అపవిత్రాత్మ పట్టిందన్నారు. వాళ్లకు భయమూ లేదు, క్షమాపణ కావాలన్న ఆరాటమూ లేదు. కింద తారీఖు వేసి ఇచ్చేయండి. మర్నాడు ఫోనొస్తే "కాగితం నీ దగ్గరుంది కదమ్మా" అని మాట మార్చండి. కఠినంగా అనిపిస్తుంది కానీ మేలు చేస్తుంది. వారాల తరబడి సాగితే మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలి, దానికి చికిత్స ఉంది.

ఇగ్నేషియస్ ఇంకో నియమం కూడా పెట్టాడు. మనసు ఎండిపోయిన కాలంలో అంతకుముందు మంచి మనసుతో తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. గుడి మానేయడం, పరిచర్య వదిలేయడం, పెళ్లి సంబంధం తెంచుకోవడం, ఇవేవీ రాత్రి రెండింటికి తేల్చేవి కావు.

అక్షరాలు కళ్లకు ఆననప్పుడు చేతికి పని ఇవ్వండి. మేము జపమాల పట్టుకుంటాం, మరియమ్మకు చెప్పే మంగళవార్త జపాలు 53. మీరు కీర్తన 23లో ఆరు వచనాలను ఆరు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నా అదే పని జరుగుతుంది. ఇంకోటి, రాత్రి జపంలో మాకు శుక్రవారం వచ్చేది పైన అన్న ఆ 88వ కీర్తనే. ప్రతి వారమూ.

గృహకూడిక:
88ని కూడికలో పైకి చదవొచ్చా? జనం ఇంకా కుంగిపోరా?

కీర్తనల_పాఠకుడు:
చదవొచ్చు. 18 వచనాలు, నెమ్మదిగా చదివినా మూడు నిమిషాలు. ముందే ఒక్క ముక్క చెప్పండి, "దీని చివర ఊరట ఉండదు" అని. చదివేది గట్టి గొంతు ఉన్నవాళ్లు కాకుండా మామూలుగా మాట్లాడేవాళ్లయితే మంచిది. అయ్యాక వెంటనే పాట ఎత్తుకోకండి, డోలక్ అసలే వద్దు. ఒక నిమిషం మౌనంగా ఉండి, ఎవరికైనా చెప్పుకోవాలనుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇద్దరి పేర్లు, నంబర్లు చెప్పండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు అంతటివాడే ముగ్గుర్ని వెంట తీసుకెళ్లి మెలకువగా ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారనుకోండి. అందుకే ఇద్దరి నంబర్లు ఇవ్వమంటున్నాను, ఒకటి మోగి మోగి ఆగిపోతే రెండోది ఉండాలి.