ఎండాకాలంలో జెడ్‌టీఎస్ స్ఫటికాలు తెల్లబారుతున్నాయి: కారణం ఏమిటి?

ప్రశ్న

నమస్కారం. హైదరాబాదులో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. అరేఖీయ కాంతి ధర్మాల (లేజరు కాంతి పదార్థంలో రంగు మారడం లాంటివి) ప్రాజెక్టు కోసం జింక్ ట్రిస్ థయోయూరియా సల్ఫేట్ (జెడ్‌టీఎస్) స్ఫటికాలను పెంచుతున్నాను. జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్‌ను, థయోయూరియాను 1:3 మోలార్ నిష్పత్తిలో స్వేదనజలంలో కరిగించి, వడపోసి, బీకరు మూతికి చిల్లులు పొడిచిన పాలిథిన్ కాగితం కట్టి గదిలోనే ఉంచుతాను. ఫిబ్రవరిలో అద్దంలా వచ్చిన స్ఫటికాలు మే నెలలో లోపలంతా తెల్లటి పొరలతో వస్తున్నాయి, అడుగున సన్నని రేణువులు పేరుకుంటున్నాయి. ప్రయోగశాలలో ఏసీ లేదు. లోపం రసాయనాలదా, ఎండదా?

జవాబు 1

రసాయనాల సీసాలు అవే అయితే ఎండనే అనుమానించాలి. మధ్యాహ్నం గది వేడెక్కగానే ద్రావణీయత పెరిగి స్ఫటికం పైముఖాలు కొంత కరుగుతాయి. తెల్లవారుజామున గది చల్లబడేసరికి ద్రావణం అతిసంతృప్తమై (కరిగించుకోగలిగిన దాని కన్నా ఎక్కువ పదార్థంతో నిండి), గరుకుబారిన ఆ ముఖాల మీద పదార్థం వేగంగా పేరుకుంటుంది. ఆ వేగంలో ద్రావణపు బిందువులు లోపలే చిక్కుకుపోతాయి. మీరు చూస్తున్న తెల్లటి పొరలు అవే. అడుగున రేణువులు పుట్టేది కూడా ఆ చల్లబడే వేళల్లోనే.

థర్మోస్టాట్ ఉన్న వాటర్ బాత్ దొరికితే దానిని గది గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా ఎక్కువగా, 45 డిగ్రీల దగ్గర నిలపండి. కేవలం వేడి చేసే పరికరం గది కన్నా కింది ఉష్ణోగ్రతను నిలపలేదు కాబట్టి, నెమ్మదిగా చల్లార్చే పద్ధతిని చలికాలానికి అట్టిపెట్టి, ఇప్పుడు చిల్లులు బాగా తగ్గించి బాష్పీభవనం మీదనే ఆధారపడటం మేలు. విత్తన స్ఫటికాన్ని (పెద్దదిగా పెంచడానికి ఎంచుకున్న చిన్న స్ఫటికాన్ని) నైలాన్ దారంతో వేలాడదీసే ముందు దానిని కూడా అదే ఉష్ణోగ్రతకు తీసుకురండి. పదార్థాన్ని రెండుమూడుసార్లు పునఃస్ఫటికీకరణ చేయండి (కరిగించి మళ్లీ స్ఫటికాలుగా రాబట్టండి), అయితే ద్రావణాన్ని 70 డిగ్రీలు దాటనివ్వకండి, థయోయూరియా విఘటన చెందుతుంది. చేతి తొడుగులు లేకుండా థయోయూరియాను తాకవద్దని గట్టిగా చెబుతున్నాను.

జవాబు 2

పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను. పెరిగినది నిజంగా జెడ్‌టీఎస్సేనని ముందు తేల్చుకోండి. ఈ రంగంలో ఇది చిన్న విషయం కాదు: గ్లైసీన్‌కు సోడియం క్లోరైడ్ కలిపి పెంచిన స్ఫటికాలను కొత్త సెమీ ఆర్గానిక్ (కర్బన, అకర్బన భాగాలు కలిసిన) పదార్థమని ప్రకటించగా, అవి గామా గ్లైసీన్ (గ్లైసీన్ స్ఫటిక రూపాల్లో ఒకటి) మాత్రమేనని తరువాత తేలిన సందర్భాలున్నాయి. ఎక్స్-రే వివర్తనంలో ఆర్థోరాంబిక్ ఏకక కణం (స్ఫటికమంతా పునరావృతమయ్యే అతి చిన్న పెట్టెలాంటి భాగం) కొలతలు సుమారు 11.1, 7.8, 15.5 ఆంగ్‌స్ట్రాములు రావాలి. థయోయూరియా గది ఉష్ణోగ్రత వద్ద కేంద్ర సౌష్ఠవం గల (ఒక కేంద్రానికి ఎదురెదురుగా అణువులు ఒకేలా అమరిన) స్ఫటికం కాబట్టి దానిలో ద్వితీయ హార్మోనిక్ (పడిన కాంతి తరంగదైర్ఘ్యంలో సగం గల కొత్త కాంతి) ఆశించలేం. థయోయూరియాలోని గంధకం ద్వారా జింకుతో బంధం ఏర్పడి సౌష్ఠవం మారాకే ఆ ధర్మం వస్తుంది. పరారుణ వర్ణపటంలో కార్బన్-గంధకం బంధపు పట్టీ తక్కువ తరంగసంఖ్య వైపు జరగడం అందుకు మరో ఆధారం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. పొడి మీద 1064 నానోమీటర్ల లేజరు వేసినప్పుడు ఆకుపచ్చ కాంతి కనిపిస్తే సరిపోతుందా?

జవాబు 2

సరిపోదు. 532 నానోమీటర్ల కాంతి కనబడటం కేంద్ర సౌష్ఠవం లేదనడానికి ఆధారమే కానీ, దాని తీవ్రతను ప్రామాణికంగా వాడే కేడీపీ (పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్) పొడితో పోల్చాలి. కర్ట్జ్, పెర్రీ 1968లో ప్రతిపాదించిన పొడి పద్ధతిలో ఆ తీవ్రత రేణువుల పరిమాణాన్ని బట్టి మారుతుంది. అందుకే రెండు పొడులనూ ఒకే జల్లెడ కంతతో వేరుచేసి, ఒకే మందంలో నింపి, ఒకే లేజరు శక్తి వద్ద కొలవండి. ఆ పరిమాణాన్ని కూడా మీ నివేదికలో రాయండి.